అత్తయ్య చెవులు ఒప్పుకున్న బుట్టలు

నేను కాపురానికి వచ్చేసరికే మా అత్తవారింటి వసారాలో బంగారు పూత తొట్టి ఉండేది. బందరు శివార్లలో మా వీధిలో సగం ఇళ్లకు రోల్డుగోల్డు నగలే బతుకుతెరువు. ఒక ఇంట్లో ఇత్తడి తీగలు వంచేవాళ్లు, ఇంకో ఇంట్లో రాళ్లు పొదిగేవాళ్లు, మరో ఇంట్లో చెవికి పట్టే శీలలు అతికేవాళ్లు. అన్నీ చివరికి మా మామయ్యగారి దగ్గరికి పూతకు వచ్చేవి. మా ఆయన ఆ సరుకును బస్సులో పామర్రు మీదుగా విజయవాడ తీసుకెళ్లి వన్‌టౌన్‌లో హోల్‌సేల్ దుకాణాలకు ఇచ్చి వచ్చేవారు. మేము ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే సాయిబులం. కొత్త కోడలు డిగ్రీ చదివిందని ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా ముందు పెట్టేవారు.

మామయ్యగారి పూతంటే ఆ చుట్టుపక్కల పేరు. పెళ్లిపందిట్లో ఆయన పూత వేసిన హారం పక్కన అసలు బంగారం కూడా వెలవెలబోతుందనేవారు. అలాంటి మనిషి ఇంట్లో మా అత్తయ్య మాత్రం చెవులకు చీపురు పుల్లలు పెట్టుకుని తిరిగేది. పెళ్లినాటి బంగారు కమ్మలు ఏదో ఇబ్బందికి అమ్మేశారు. ఇంట్లో తట్టలకొద్దీ చెవి బుట్టలు తయారవుతున్నా, ఒక జత పెట్టుకుంటే చాలు, రెండో రోజుకల్లా తమ్మెలు ఎర్రగా వాచి రసి కారేవి. ఆవిడది రాణిగారి ఒళ్లు, మన సరుకు పడదని మామయ్యగారు నవ్వుతూ అనేవారు. బేరానికి ఆడవాళ్లు ఇంటికి వస్తే మాత్రం అత్తయ్య కొంగు చెవుల మీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయేది. మామయ్యగారు అప్పుడు నవ్వేవారు కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో విజయవాడలో చేతిపనుల ప్రదర్శన పెడితే మేమూ ఒక బల్ల అద్దెకు తీసుకున్నాం. మద్రాసు నుంచి వచ్చిన ఒక ఎగుమతి వ్యాపారి మా బుట్టల దగ్గర ఆగిపోయాడు. జర్మనీలో దుకాణాలకు పంపిస్తానని, ముందు నమూనాలు చూపించాలని చెప్పి కొన్ని జతలు పట్టుకెళ్లాడు. ఆ రోజు మా ఆయన బస్టాండులో దిగి వీధంతటికీ సరిపడా బందరు లడ్డు కొనుక్కొచ్చారు.

కొన్నాళ్లకు ఆ పెట్టె అలాగే తిరిగొచ్చింది. దానితోపాటు ఆ వ్యాపారి రాసిన ఇంగ్లీషు కాగితం. మామయ్యగారు తొట్టి దగ్గర పీట మీద కూర్చుని చదవమన్నారు. నేను తెలుగులోకి మార్చి చెప్పుకుంటూ పోయాను. నగల నుంచి నికెల్ అనే లోహం ఒంటికి అంటుతోందట, ఆ దేశాల్లో దాన్ని ఒప్పుకోరట. అదొక్కటే కాదు, రేపు ఏ జత మీద ఫిర్యాదు వచ్చినా అది ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఏ దుకాణం తీగతో చేశారు అన్నది మేము చెప్పగలగాలట. ఆ రెండూ కుదిరితేనే మళ్లీ పంపమన్నాడు. మామయ్యగారికి మొహం ఎర్రబడింది. తన సరుకు పెట్టుకుని ఇంతవరకూ ఎవరూ చావలేదని, తామేమైనా దొంగ సరుకు అమ్ముతున్నామా అని విసుక్కున్నారు. నికెల్ పడనివాళ్లకు ఏమవుతుందో కింద రాసి ఉంటే అదీ చదివాను. మొదట దురద, తర్వాత ఎర్రబడటం, వాపు, రసి కారడం.

వంటింట్లో బెండకాయలు కోస్తున్న అత్తయ్య కత్తిపీట పక్కకు పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"నా చెవుల సంగతి వాళ్లకెవరు చెప్పారమ్మా?" అని అడిగింది.

మామయ్యగారు ఆవిడ చెవుల వంక చాలాసేపు చూశారు. ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, తనకు ఇంగ్లీషు చదవడం రాకపోయినా, అడుగున ఉన్న నాలుగు పంక్తుల మీద వేలు పెట్టి, ఇంకొకసారి చెప్పమన్నారు. మర్నాడు పొద్దున్నే మా ఆయన్ని, నన్ను విజయవాడ పంపించారు, ఆ తీగ సంగతేమిటో కనుక్కు రమ్మని.

వన్‌టౌన్‌లో లోహాల కొట్టాయన మంచివాడు. శీలలకు మా వీధివాళ్లు కొనే తెల్ల తీగ జర్మన్ సిల్వర్ అన్నాడు. పేరులో వెండి ఉందిగానీ అందులో వెండి చుక్కైనా లేదని, రాగి, జింకు, నికెల్ కలిపి చేస్తారని చెప్పాడు. తిరుగు ప్రయాణంలో మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. జర్మనీవాళ్లు వద్దన్నది జర్మన్ సిల్వర్‌నా అని ఉయ్యూరు దాకా తలుచుకుని తలుచుకుని నవ్వారు.

శీలలు రాగి తీగతో చేయించాం. ఏ ఇంటి పని ఏదో కలిసిపోకుండా ఉండాలి కదా, దానికి మా వీధి ఆడవాళ్లే దారి కనిపెట్టారు. ఒక్కో ఇంటివాళ్లు తాము చేసిన కట్టకు ఒక్కో రంగు దారం కట్టాలని అనుకున్నారు. ఎర్ర దారం నాకంటే నాకని రెండిళ్ల మధ్య ఒక పూట మాటలు కూడా లేవు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి పూసలు గుచ్చడానికి వచ్చే పల్లెకారుల అమ్మాయి, తనకు ఏ రంగూ వద్దని, తమ వల అల్లే నీలం నైలాను దారం తెచ్చుకుంది. ఆమె వేసిన ముడిని విప్పడం మా ఎవరి తరమూ కాలేదు. పూతయ్యాక ప్రతి జతకూ అవే రంగుల దారం ముక్కలు మళ్లీ కట్టేవాళ్లం. దారాలు ఏ ఇంటివో, తీగ ఏ కొట్టుదో నేను రాసి పెట్టుకునేదాన్ని.

కొత్త శీలలతో మొదటి బుట్టలు పూతకు వచ్చాయి. మద్రాసు పంపడానికి నేను పొట్లం కడుతుంటే అత్తయ్య చేయి పట్టుకుని ఆపింది.

"ముందు నా చెవికి పెట్టండి. నాకు పడితే అప్పుడు ఆ దేశం పంపుదురుగాని."

మామయ్యగారు వద్దన్నారు, మళ్లీ వాస్తే ఎవరు చూస్తారన్నారు. ఆవిడ వినలేదు, చీపురు పుల్లలు తీసేసి తనే పెట్టుకుంది. వీధి వీధంతా రోజూ ఏదో ఒక పని చెప్పుకుని వచ్చి ఆవిడ చెవులు చూసిపోయేవాళ్లు. మొదటి రోజు బాగానే ఉంది. మూడో రోజు పొద్దున తమ్మెలు సన్నగా ఎరుపెక్కాయి. వాపు లేదుగానీ దురద ఉందంది.

రాగిలో ఏదో కలిపి ఉంటాడని అందరం తీగ కొట్టాయన్ని తిట్టుకున్నాం. మామయ్యగారు మాత్రం తొట్టి దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. కాసేపటికి నన్ను పిలిచి, గొంతు బాగా తగ్గించి చెప్పారు.

"అమ్మాయ్, బంగారు నీళ్లకు ముందు నేను ఇంకో నీళ్లలో ముంచుతాను. మెరుపు దానివల్లే వస్తుంది. ఆ డబ్బా మీద ఏం రాసుందో చూడు."

చూశాను. నికెల్ అనే ఉంది.

తన పేరంతా ఆ మెరుపు మీదే నిలబడిందని ఆయనకు తెలుసు. ఆ సాయంత్రమే ఆ డబ్బాలన్నీ ఎత్తి, అవి అమ్మిన కొట్టుకే తిరిగి పంపించేశారు. ఆ తర్వాత నెలపాటు మా ఇంట్లో ఆయనను పలకరించాలంటే భయం. ఇత్తడి, రాగి మీద నేరుగా బంగారం ఎక్కిస్తే మచ్చలు పడేవి, మందంగా వేస్తే ఖర్చు పెరిగేది. పూతకు ముందు ప్రతి బుట్టనూ కుంకుడు రసంలో కడిగి, మెత్తటి గుడ్డతో పట్టుదలగా రుద్దేవారు. ఒక మధ్యాహ్నం భోజనానికి పిలిచినా రాకపోతే వెళ్లి చూశాను. ఆయన అరచేతిలో ఒక జత బుట్టలు. మునుపటి తళతళ లేదు. పాత బంగారంలా కొంచెం ఎర్రగా, నిండుగా ఉన్నాయి. ఆయనే వెళ్లి అత్తయ్య చెవులకు పెట్టారు. పెళ్లయ్యాక అదే మొదటిసారి అనుకుంటాను, మా ముందే. ఆవిడ సిగ్గుతో తల దించుకుని అటు తిరిగింది.

ఒక రోజు గడిచింది, రెండు గడిచాయి, వారం గడిచింది. చెవులు చల్లగా ఉన్నాయి. మద్రాసులో పరీక్ష చేయించినవాళ్లు కూడా అదే మాట రాశారు. ఆర్డరు వచ్చింది. రంజాను ముందు వీధంతా కూర్చుని పని చేశాం. జర్మనీ దుకాణం ఒకదాని నుంచి ఒక జత శీల వదులైందని కబురొస్తే, దానికున్న దారం రంగు అడిగి ఏ ఇంటిదో వెంటనే చెప్పగలిగాం. ఆ ఇంటావిడ కోప్పడలేదు సరికదా, జర్మనీలో తన పని గుర్తుపట్టారని నలుగురికీ చెప్పుకుంది.

ఆ ఏడాది మంగళగిరిలో మా బంధువుల ఇంట్లో నిఖా జరిగింది. అత్తయ్య కొంగు వెనక్కి వేసుకుని ఆడవాళ్ల మధ్య కూర్చుంది. పెళ్లికూతురు తరఫు పెద్దావిడ బుట్టలు పట్టుకుని చూసి, ఎన్ని కాసులని అడిగింది. అత్తయ్య బంగారం కాదని చెప్పి, మగవాళ్ల వైపు మామయ్యగారిని చూపించింది. ఆ పెద్దావిడ భోజనాల దగ్గర తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లి, తన కూతుళ్లిద్దరికీ అలాంటివే కావాలని చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్తయ్యకు కిటికీ సీటు ఇచ్చాం. కంకిపాడు దాటాక గాలి బాగా వీస్తోంది, రోడ్డుకు అటూ ఇటూ వరి ఈనుతోంది. గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ చెవుల దగ్గర బుట్టలు ఊగేవి. చలిగాలి, కిటికీ వేసుకోమని మామయ్యగారు వెనక సీట్లోంచి రెండుసార్లు చెప్పారు. ఆవిడ వినిపించనట్టే ఉండిపోయింది. ఆయన కూడా మూడోసారి చెప్పలేదు.