గ్రహణం పట్టని వీపు

నా వీపు వంకరకు మా ఇంట్లో చెప్పుకునే కారణం ఒక్కటే. నేను కడుపులో ఉండగా గ్రహణం పట్టింది. అమ్మ కదలకుండా వెల్లకిలా పడుకోవలసింది, కునుకు పట్టి ఒత్తిగిలింది. పదేళ్లు దాటి వంకర తేలాక బడికి పంపలేక చదువు కూడా తనే చెప్పింది. ఆ చదువుకు ఈనాటికీ సత్యదేవుడికి దండం పెట్టుకుంటాను.

అక్క వీపు నిటారు. తను జడ వేసుకుని నడిచి వెళ్తుంటే వెనక నుంచి చూసి కుళ్లుకునేదాన్ని. అక్క కడుపుతో ఉన్నప్పుడూ గ్రహణం వచ్చింది. విడిచేదాకా కర్రలా పడుకుంది. కాపలా నేనే. ఒక్కసారి ఒత్తిగిలితే బాగుండు అనిపించి, లెంపలు వేసుకున్నాను.

పుట్టిన పాపకు పదకొండేళ్లు వచ్చాయి. అన్నవరం వ్రతానికని పట్టు జాకెట్టు కుట్టబోయి కొలిస్తే కుడి భుజం అర అంగుళం ఎత్తుగా ఉంది. అక్క కదల్లేదు కదా, దీనికెలా వస్తుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే లోపలెక్కడో చల్లగా కూడా అనిపించింది. నా జాకెట్లకు వేసుకున్నట్టే ఎడమ భుజం కింద గుడ్డ మడత పెట్టి కుట్టేశాను.

"ఎంత బాగా కుదిరిందే," అంది అక్క.

వ్రతం అయ్యాక పాప వంగి దండం పెట్టింది. పట్టు బిగిసి, వీపుకు కుడివైపు ఉబ్బు తేలింది. మడత దాన్ని దాచలేకపోయింది. కొండ దిగకముందే అక్కకు అంతా చెప్పాను, మడత సంగతితో సహా. అక్క పాప చెయ్యి పట్టుకుని నన్ను వదిలి ముందే మెట్లు దిగిపోయింది.

రాజమండ్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. నేను కొంగు తొలగించి వెనక్కి తిరిగాను. ఇది కొన్ని కుటుంబాల్లో రక్తంలో వస్తుందనీ, వీపు నిటారుగా ఉన్న తల్లి నుంచి కూడా బిడ్డకు రావచ్చనీ, ఎత్తు పెరిగే వయసులో బయటపడుతుందనీ చెప్పారు. ఇప్పుడే బెల్టు కడితే వంపు పెరగకుండా ఆపే వీలుందట.

వెంట వచ్చిన అమ్మ మెల్లగా అడిగింది. "అయితే, నేను ఒత్తిగిలినందుకు కాదాండీ?"

"కాదమ్మా."

అమ్మ చాలాసేపు నా వీపు మీద చెయ్యి తియ్యలేదు.

బెల్టు బిగించిన రోజు పాప ఏడ్చింది. దాన్ని ఊరుకోబెడుతూ కూడా నాకు అసూయే. ఆ వయసులో నన్ను కొలిచి చూసినవాళ్లు లేరు. బెల్టు కింద ఒరుసుకోకుండా మెత్తని నూలు బనీన్లు కుట్టిచ్చాను. దీపం పెట్టేటప్పుడు, పాప భుజం నా కంటపడేలా చేసినందుకు స్వామికి దండం పెట్టుకుంటాను. ఈ కుళ్లు సంగతి కూడా ఆయనకే చెబుతాను.