రెండు జట్లూ గులాబీ చొక్కాలే

ఈ సాయంత్రం జనగామలో మా ఫుట్‌బాల్ ఫైనల్‌ను రిఫరీ సారు మధ్యలో ఆపేశారు. అది అన్యాయమని మైదానంలోనే అరిచాను.

తెలంగాణ ఉద్యమం కోసం మేము గులాబీ చొక్కాలు కుట్టించుకున్నాము. నర్సింహులపేట జట్టు కూడా అదే రంగు వేసుకొచ్చింది. రంగులు కలిస్తే బయటి నుంచి వచ్చిన జట్టు మార్చుకోవాలని నియమం. వాళ్లు ససేమిరా అన్నారు.

"ఎవలో ఒకలు మార్చుకోకుంటే కప్పు ఎవలకూ లేదు," అన్నారు సారు.

"గీ రంగు ఇప్పమంటే ఉద్యమాన్ని ఇడిచిపెట్టుమన్నట్టే సార్!" అన్నాను.

"జర ఆగు తమ్మీ. పది నిమిషాలల్ల మూడుసార్లు మీవోళ్లే అనుకొని వాళ్లకే బంతి ఇచ్చినవ్. దాంతోటే వాళ్లు గోల్ కొట్టిండ్రు. గది ఏం ఉద్యమం?" అని అడిగారు సారు.

మా వాళ్లు కూడా నవ్వారు. నాకు కోపమొచ్చింది. కానీ రంగులు వేరుగా ఉండాలనడంలో న్యాయముంది, వాళ్లేమో మార్చుకోరు. అందుకే వాళ్లకు బదులు మేమే మార్చుకుంటామని చెప్పాను.

ఆగిన ఆటను రేపు మేము తెల్ల బనియన్లతో ఆడతాము. తప్పంటారా, కింద రాయండి. ఆట ముగిశాక మళ్లీ గులాబీ చొక్కాలు తొడుక్కుని రెండు జట్ల ఇరవై ఇద్దరమూ కలిసి తెలంగాణ దీక్షా శిబిరానికి నడుస్తాము. పొద్దున ఏడు గంటలకు మైదానానికి రండి.