ఒక్క పన్ను తేడా

మా లారీ క్రౌన్ పోయిన రోజు నేను ముందు సీట్లోనే ఉన్నాను. పుట్టింట్లో మా అమ్మను చూసి, నెల్లూరు నుంచి ఐసు లోడుతో వస్తున్న మా ఆయనతో పాటు ఊరికి తిరిగి వస్తున్నాను. మైపాడు దాటాక మా పల్లెలోకి దిగే చోట గాలికి కొట్టుకొచ్చిన ఇసుక రోడ్డు మీద చిన్న దిబ్బలా పేరుకుంటుంది. బండి దాన్ని ఎక్కుతుండగా వెనక నుంచి ఎవరో రాళ్ళు నములుతున్నట్టు చప్పుడైంది. ఇంజను తిరుగుతూనే ఉంది. బండి మాత్రం కదల్లేదు. మా ఆయన ఇంజను ఆపేశాడు.

"ఏమైంది?" అని అడిగాను.

"క్రౌన్ పోయింది," అన్నాడు. వెనక చక్రాలను తిప్పే పళ్ళ చక్రం అది. తర్వాత కిందికి దిగి, చూడాల్సిన అవసరం లేకపోయినా వెనక చక్రాల మధ్యకు వంగి చూశాడు.

ఆ లారీ మా మామగారిది. ఆయన పోయే ముందు ఉన్న రెండింటినీ ఇద్దరు కొడుకులకు పంచారు. పడవ మా బావకు, లారీ మా ఆయనకు. పంచారన్న మాటే గానీ రెండూ కలిసే బతికేవి. పడవలో వచ్చిన చేప లారీలో నెల్లూరు వెళ్ళేది. లారీలో వచ్చిన ఐసు పడవ వాళ్ళకు అందేది. తుఫాను కబురు వచ్చినప్పుడు లారీని రోడ్డు చివర గట్టినేల మీద నిలబెట్టి, పొడుగాటి మోకు కట్టి, పడవలను ఒక్కొక్కటే ఇసుకలో పైకి లాగేవాళ్ళు. అందుకోసమే మా మామగారు ఎప్పుడో దాని వెనక చక్రాల మధ్యనుండే హౌసింగులో లాగుడు ఎక్కువుండే క్రౌన్ వేయించారట. అది రోడ్డు మీద ఎంత తొక్కినా పరిగెత్తదు. ఇంజను మొత్తుకుంటూ ఉంటే వెనకొచ్చిన ప్రతి బండీ దాటుకుని పోయేది.

మరుసటి రోజు లారీని మరో బండికి కట్టి మనుబోలు దగ్గర హైవే పక్కనున్న షెడ్డుకు తీసుకెళ్ళారు. అన్నదమ్ములిద్దరూ బయలుదేరితే నేనూ వెళ్ళాను. నేను మాగాణి ఊళ్ళో, వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. సముద్రం నాకు ఎప్పుడూ కొత్తే. లారీ మాత్రం పెళ్ళైన కొత్తలోనే నాదైపోయింది. ఇంట్లో నూకలు ఏరుతూ కూర్చోవడం కంటే షెడ్డులో కూర్చోవడమే నాకిష్టమని అందరికీ తెలుసు.

మెకానిక్ యాభై దాటిన మనిషి, మాట విసురుగా ఉంటుంది. హౌసింగ్ విప్పి, నల్లటి ఆయిల్లోంచి విరిగిన పళ్ళను గుప్పెట్లోకి తీసి నేల మీద పోశాడు. తర్వాత లోపలికి వెళ్ళి రెండు జతలు తెచ్చి గోనెపట్టా మీద పెట్టాడు. ఒక్కో జతలో పళ్ళెమంత పెద్ద చక్రం ఒకటి, దాన్ని తిప్పే చిన్నది ఒకటి. పెద్ద చక్రాలు రెండింటికీ నలభై ఒక్క పళ్ళే. చిన్నవాటిలోనే తేడా. ఒకదానికి ఆరు పళ్ళు, ఇంకోదానికి ఏడు.

"ఇది మీ నాయన వేసినట్టాంటిదే," అని ఆరు పళ్ళదాన్ని కాలితో జరిపాడు. "లాగుద్ది, పరిగెత్తదు. ఈ ఏడుది రోడ్డుకు. ఇంజను అరవకుండా పోద్ది, డీజిలు మిగులుద్ది. బరువు కాడ మాత్రం ముక్కుద్ది. మీకేది కావాలో మీరే చెప్పండి, నన్ను అడగబాకండి."

ఒక్క పన్నులో ఇంత ఉందా అని నేను ఆ రెండింటినీ చేతుల్లోకి తీసుకుని చూశాను. బరువులో కూడా తేడా తెలియలేదు.

మా బావ మాట అసలే తక్కువ. ఆయన ఎప్పుడూ అంతే. నీళ్ళ మీద అరుస్తాడట గానీ నేల మీద ఆయన గొంతు నేను గట్టిగా విన్నది లేదు. తమ్ముడి వైపు చూడకుండా, "నాయన వేసిందే వేస్తే పోలా," అన్నాడు.

"నాయన కాలం వేరన్నా," అన్నాడు మా ఆయన. "అప్పుడు లోడంతా రేవులోనే దొరికేది. ఇప్పుడు చేప యాడుంది? నువ్వే చెప్తివి గదా, పోయిన దినాలన్నీ వల ఖాళీగా వస్తా ఉందని. రొయ్యల కంపెనీ వాళ్ళు మద్రాసు లోడు ఇస్తామంటా ఉండారు. ఈ బండేసుకుని పోతే మనం చేరేలోపల ఐసు నీళ్ళైపోద్ది."

"మరి పడవల సంగతి?"

"పడవ లాగేది ఏడాదికి ఎన్ని దినాలన్నా? ఊళ్ళో ట్రాక్టర్లు గూడా వచ్చినాయి గదా. మిగిలిన దినాలన్నీ నేను రోడ్డు మీదే గదా ఉండేది."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రెండింటికీ మధ్యలో ఉండే జత ఏమైనా ఉందా అని నేను అడిగాను. ఉందనీ, విజయవాడ నుంచి తెప్పించాలనీ, ఎప్పుడొస్తుందో చెప్పలేననీ మెకానిక్ అన్నాడు. కంపెనీ వాళ్ళు అంతవరకూ ఆగరు. మా బావ బీడీ ముట్టించుకుని, "నీ బండి, నీ ఇష్టం అబయా," అన్నాడు. కోపంగా అనలేదు. మా ఆయన ఏడు పళ్ళదాన్ని చూపించాడు.

బండి తెచ్చుకునే రోజు మెకానిక్ కిటికీ దగ్గరికొచ్చి, "ఫస్టు గేరులో ఇంతకు ముందు మాదిరిగా లాగుద్దని అనుకోబాక. పట్టుబట్టినావంటే క్లచ్చి కాలిపోద్ది," అని ఇంకోసారి చెప్పాడు. మా ఆయన తలూపాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు బాగానే గడిచాయి. ఒకసారి నేనూ మద్రాసు దాకా వెళ్ళాను. నాయుడుపేట దాటాక తెల్లవారుతోంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ లారీలో అరవకుండా మాట్లాడుకోవడం అదే మొదలు. ఇంజను ఎక్కడో కింద గొణుగుతూ ఉంది. మా ఆయన ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని, "నాయన ఈ బండిని ఎద్దుని చేసినాడు. ఇది గుర్రం," అన్నాడు. అతను అంత తేలిగ్గా ఉండగా నేను చూసింది తక్కువ. లోడ్లు వస్తూనే ఉన్నాయి. ఇంటికి రావడం మాత్రం తగ్గింది. రేవుకైతే లారీ దాదాపు రానే లేదు. బావ తన చేపను ఆటోలో పంపించేవాడు.

కార్తీక మాసంలో వాయుగుండం వచ్చింది. మా తీరంలో అది కొత్తేమీ కాదు. అయితే ఈసారి ఎటో పోతుందనుకున్నది ఒక్క పూటలో ఇటు తిరిగింది. పొద్దున్నే అలలు రోజూ ఆగే చోటు దాటి పైకి రావడం మొదలైంది. ఊళ్ళో ఉన్న రెండు ట్రాక్టర్లూ మాగాణి ఊళ్ళకు దమ్ము చేయడానికి వెళ్ళాయి. నాట్ల రోజులు కదా. ఫోను చేస్తే, వానకు పొలంలో దిగబడి ఉన్నాయి, రాలేవన్నారు. అప్పుడు అక్క, అంటే మా బావ భార్య, మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "మీ ఆయన్ని రమ్మను," అంది.

అతను గూడూరు దగ్గర ఖాళీ బండితో ఉన్నాడు. నేను ఫోనులో విషయం చెప్పగానే, "వస్తా ఉండా," అని పెట్టేశాడు. మధ్యాహ్నానికల్లా వచ్చాడు. వాన అడ్డంగా కొడుతోంది. లారీని రోడ్డు చివర నిలబెట్టి మోకు కట్టారు. మొదట చిన్న పడవలు. అవి ఎట్లాగో వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఇంజను ఆగిపోయినంత పని అవుతోందనీ, మా ఆయన క్లచ్చిని సగం తొక్కిపెట్టి లాగిస్తున్నాడనీ నాకు అర్థమవుతూనే ఉంది. కాలుతున్న వాసన ఆ గాలిలో కూడా తెలిసింది. మిగతా వాళ్ళకు అది తెలియదు. వాళ్ళకు ఆ లారీ ఎప్పుడూ లాగే లారీయే.

మా బావ పడవ చివరది. తన పడవను చివర పెట్టమని ఆయనే అన్నాడు. అది అన్నింటికంటే బరువైనది. అప్పటికే వెనక భాగం నీళ్ళలో ఉంది, అడుగున ఇసుక పట్టేసింది. బావా ఇంకొందరూ నడుము లోతు నీళ్ళలో నిలబడి పక్క నుంచి నెడుతున్నారు. మోకు బిగిసింది. పడవ ఒక మూరెడు జరిగింది. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసి లాగాడు. ఇంకొంచెం జరిగింది. మూడోసారి లారీ కింద నుంచి తెల్లగా పొగ వచ్చింది. ఇంజను గట్టిగా అరిచింది, చక్రాలు మాత్రం తిరగలేదు. బండి వెనక్కి జారింది. మోకు వదులైంది.

సరిగ్గా అప్పుడే పెద్ద అల వచ్చింది. పడవ పక్కకు తిరిగి, లేచి, బావ మీదికి దిగింది.

జనమంతా నీళ్ళలోకి పరిగెత్తారు. మా ఆయన లారీ దిగి ఎట్లా వచ్చాడో నాకు తెలియదు. నేను చూసేసరికి అందరికంటే ముందు, పడవ కింద భుజం పెట్టి ఉన్నాడు. అందరూ కలిసి ఎత్తితే బావను లాగగలిగారు. ఆయన అరవలేదు. ఒడ్డున పడుకోబెట్టాక, "పడవ మోటారన్నా ఇప్పండిరా," అన్నాడు. ఎవరూ విప్పలేదు. ఆయనను ఆటోలో వేసుకుని నెల్లూరు బయలుదేరేసరికే పడవ నీళ్ళలోకి పోయింది. రెండు రోజుల తర్వాత దాని ముక్కలు దక్షిణాన ఎక్కడో కొట్టుకొచ్చాయని చెప్పారు. చూడటానికి మా వాళ్ళెవరూ వెళ్ళలేదు.

కాలు మోకాలి దగ్గరా, కిందా విరిగింది. ఆపరేషను చేశారు. ఎముక అతుక్కుంటుంది గానీ మోకాలు వంగదని డాక్టరు చెప్పాడు. వంగని కాలితో పడవలో నిలబడలేరు. అది ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

క్లచ్చి వేయించడానికి లారీ మళ్ళీ మనుబోలు షెడ్డుకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. మా ఆయన పని అయిపోయేదాకా కూర్చుని, చివర్లో అడిగాడు.

"పాతదే ఉండుంటే లాగుండునా?"

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. ఊరడించే మాట ఏదైనా అంటాడేమోనని నేను ఎదురుచూశాను.

"లాగుండునేమో. తడి ఇసక, ఆ గాలి, నేను చూళ్ళా గదా," అన్నాడు. "ఇది లాగదని మాత్రం ఆ పొద్దే చెప్పినా."

మా ఆయన లేచి, ఆరు పళ్ళ జత ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాడు. వచ్చి తీసుకుంటాననీ, ఎవరికీ ఇవ్వొద్దనీ చెప్పి వచ్చాడు.

ఆ సంగతి నేను ఆసుపత్రిలో అక్కకు చెప్పాను. మంచం మీద నుంచి బావ విన్నాడు. సాయంత్రం తమ్ముడు వస్తే, కూర్చోమని చెప్పి, "ఆ క్రౌన్ మార్చబాక," అన్నాడు.

"మారుస్తానన్నా."

"ఎందుకురా? పడవ ల్యా. ఇంక లాగేదేముంది?"

మా ఆయన లేవబోయాడు.

"మన రెండిళ్ళూ ఇప్పుడు ఆ బండి మీదే ఉండాయి," అన్నాడు బావ. "అది రోడ్డు మీద పోవాల. పోనీ దాన్ని."

ఇంకేమన్నా అంటే తట్టుకోగలిగేవాడేమో. ఆ మాటకు మా ఆయన వరండాలోకి వెళ్ళి, గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు. నేను పక్కకు వెళితే చేత్తో పొమ్మన్నాడు.

క్రౌన్ మార్చలేదు. లారీ మద్రాసుకు తిరుగుతూనే ఉంది. దాని మీద వచ్చే దానితోనే రెండు పొయ్యిలూ వెలుగుతున్నాయి. గుర్రం మాట మళ్ళీ అతని నోట రాలేదు. బండిని ఊళ్ళోకి తేవడం మానేశాడు. హైవే దగ్గర పెట్టి బస్సులో వస్తాడు. ఎందుకని అడిగితే ఇసుక దిబ్బ సాకు చెబుతాడు. అక్క ఆ రోజు నుంచీ అతనితో మాట్లాడదు. వాళ్ళింటికి వెళితే మంచినీళ్ళిస్తుంది, అన్నం పెడుతుంది, పెట్టి లోపలికి పోతుంది. నాతో మాత్రం మామూలుగానే ఉంటుంది. ఒకసారి మాత్రం, కూర తరుగుతూ, "మీరు ముగ్గురు పోయినారు ఆ షెడ్డుకి. నన్ను పిలిచుంటే నేను చెప్పుందును," అంది. ఏం చెప్పేదో నేను అడగలేదు.

బావ ఇప్పుడు రొయ్యల గుంటల దగ్గర కాపలాకు కూర్చుంటాడు. గట్టు మీద కుర్చీ వేసుకుని, కాలు చాపి, గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూస్తూ ఉండటమే పని. నీళ్ళ పక్కనే కదా అని ఎవరో అంటే, "ఇయ్యి నీళ్ళా," అన్నాడట.

పోయిన ఏడాది మళ్ళీ తుఫాను హెచ్చరిక వచ్చింది. ఈసారి ట్రాక్టర్లు ఊళ్ళోనే ఉన్నాయి. అయినా మా ఆయన లోడు మానుకుని పొద్దున్నే బస్సులో వచ్చాడు. లుంగీ ఎగ్గట్టి వానలో దిగి, ట్రాక్టరు లాగుతుంటే నెట్టే వాళ్ళతో కలిసి ఒక్కో పడవకీ భుజం పెట్టాడు. అతన్ని ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. చివరి పడవ పైకి వచ్చాక నేరుగా అన్న ఇంటికి వెళ్ళాడు. నేను అక్కడే అక్కతో పాటు వంటింట్లో ఉన్నాను. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"అందరివీ ఎక్కినాయా?" అని అడిగాడు.

"ఎక్కినాయన్నా."

"సరే. తల తుడుచుకో."

అక్క లోపల నుంచి తువ్వాలు తెచ్చి, అతని చేతికివ్వకుండా మంచం కోడు మీద వేసి వెళ్ళిపోయింది.