ఎనిమిది నిమిషాల పాట

నా ఫోన్‌లో మాటల్లేని పాట ఒకటి ఉంది. ఎనిమిది నిమిషాలు. మొదట ఒక్క గిటారు, అవే నాలుగు స్వరాలు, మళ్లీ అవే. కాసేపటికి ఇంకో గిటారు కలుస్తుంది. ఆరో నిమిషం దాకా ఏమీ జరగదు. అప్పుడు డ్రమ్ములు, గిటార్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. మా తమ్ముడు ఒకసారి విని, పాడేటోడు రాకముందే అయిపోయిందేందని అడిగాడు. నాకు నచ్చిందే అది. పాడేవాడు లేడు కాబట్టి ఎవరూ ధైర్యం చెప్పరు.

మొన్న యాసంగి కోతలప్పుడు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి బస్సులో అదే వింటున్నాను. ఒళ్లో టార్పాలిన్ పట్టా. ఎల్లారెడ్డి కొనుగోలు కేంద్రంలో మా వడ్లు పోసి తొమ్మిది రోజులైంది. తేమ తగ్గలేదని తూకం వేయడం లేదు. మా బాపు రోజూ వడ్లలో నడుస్తూ కాళ్లతో తిప్పి ఎండబెడుతున్నాడు. పట్టా నడిమధ్య చిరిగింది. పొద్దున్నే ఎండ చూసి, కామారెడ్డిలో కుట్టించుకొస్తానని పట్టుకుపోయాను. తూకం అయ్యేదాకా ఆగమన్నాడు బాపు. చిరిగినా పట్టా పట్టాయే అన్నాడు. నేను వింటేగా. చిరిగింది చిరిగినట్టే ఉంటే నాకు ఒళ్లు మండుతుంది.

లింగంపేట దాటాక మబ్బు కమ్మింది. బాపు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావని అడిగాడు. చెప్పాను. సరే అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

ఫోన్ కట్ అవగానే పాట ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలైంది. డ్రమ్ములు వచ్చేసరికి బస్సు పైకప్పు మీద వాన కూడా పడింది. ఏది వానో ఏది పాటో తెలియలేదు. వైపర్ తిరగడం లేదని డ్రైవర్ బస్సును పక్కకు ఆపేశాడు. కొంచెం పోనివ్వమని బతిమాలాను. ముందు రోడ్డే కనిపించడం లేదన్నాడు. అదీ నిజమే. తిరిగొచ్చి కూర్చుంటే, పక్కసీటు అవ్వ పట్టాను తడిమి చూసి సంగతంతా అడిగింది.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక బిడ్డా," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ పాట వింటుంటే ఏదో జరగబోతుందని ఇన్నాళ్లూ అనిపించేది. అంత చప్పుడూ చేసి, చేయగలిగింది ఏమీ లేదని చెప్పే పాట అని ఆ రోజే తెలిసింది. ఇయర్‌ఫోన్లు తీసేశాను. వాన మాత్రం ఆగలేదు.

బస్సు మళ్లీ కదిలి, ఎల్లారెడ్డిలో నేను దిగేసరికి వాన వెలిసింది. కుప్ప అంచు కరిగి వడ్లు రోడ్డు పక్క కాలువలోకి పోతున్నాయి. కుప్ప మీద బాపు కండువా పరిచి ఉంది, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి. పరుగెత్తి పట్టా విప్పబోయాను. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"కప్పొద్దు బిడ్డా. తడిసినంక కప్పితే మొలకలొస్తయ్."

కుప్పను చేతులతోనే పలుచగా నెరిపి, వడ్లలోకి దిగి కాళ్లతో తిప్పడం మొదలుపెట్టాడు. చెప్పులు విప్పి నేనూ వెనకే దిగాను. అడుగు వేసిన చోటల్లా నీళ్లు ఊరాయి.