మొలవని పల్లీలు

తడిసిన ఇసుక వాసన తగిలితే చాలు, సుగుణ మేడం నా వెనక నిలబడినట్టే ఉంటుంది. ఇవాళ పొద్దున మొలకల ట్రే మూత తీయగానే అదే వాసన. అలవాటుగా వెనక్కి తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ మీద బెంగ ఇంకా తీరలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో మహబూబ్‌నగర్‌లోని ఒక విత్తన పరీక్షశాలలో చేరాను. మేడం నా పైఅధికారి. అప్పట్లో నాకు తొందరెక్కువ, ఇంగ్లీషు వచ్చన్న పొగరు అంతకంటే ఎక్కువ. కొల్లాపూర్ దిక్కు నుంచి బాలయ్య అనే రైతు తన పల్లీలు విత్తనానికి పనికొస్తాయో లేదో చూడమని తెచ్చాడు. పదో రోజుకు సగం మొలవలేదు. వాటన్నిటినీ ‘డెడ్’ గడిలో రాసేశాను. ఫలితం వినగానే బాలయ్య మేడం బల్ల దగ్గరికి పోయాడు.

“ఇంటిల్లిపాది ఏరి పెట్టుకున్న విత్తనం మేడం. ఇగ నూనె మిల్లుకు పొయ్యాల్నా?”

సుగుణ మేడం కాగితం చూసి, మొలవని గింజ ఒకటి నా చేతిలో పెట్టారు.

“ఒత్తి చూసినవా బిడ్డా?”

“మొలవలేదు గద మేడం.”

“మొలవకపోతే సచ్చినట్టేనా? ఒత్తు.”

గింజ గట్టిగా ఉంది. చచ్చినదైతే మెత్తగా చితికిపోయేది. ఆవిడ నా రాత కొట్టేసి ‘డార్మెంట్’ అని రాశారు. “కొత్త పంట గద, ఇంక నిద్రల ఉన్నది. జర ఆగు,” అని బాలయ్యకు చెప్పారు. కొన్ని వారాలాగి మళ్లీ పరీక్ష పెడితే దాదాపు అన్నీ మొలిచాయి. బాలయ్య మా ఇద్దరికీ సంచెడు పల్లీలు తెచ్చిచ్చి పోయాడు.

పరీక్షశాల బయటి ఇంగ్లీషు ‘డార్మెంట్’ అన్న మాటను పాడుచేసిందని మేడం కోపం. మూతపడ్డ మిల్లునూ, మూలన పడేసిన ఫైలునూ అందరూ డార్మెంట్ అనేస్తారు, ఇక లేవదని మర్యాదగా చెప్పడానికి. “మనం మాత్రం పానం ఉన్నదని తెలిసినంకనే రాయాలె,” అనేవారు.

పోయినేడు పక్షవాతంతో ఆవిడకు మాట పడిపోయింది. దవాఖానకు పరుగెత్తాను. “ఎవ్వరినీ గుర్తుపడ్తలేదక్కా,” అంది ఆవిడ కూతురు. పక్కన కూర్చుని మేడం బొటనవేలు మెల్లగా ఒత్తాను. వెచ్చగా ఉంది. ఆవిడ తిరిగి నా వేలు ఒత్తలేదు.

“నిద్రల ఉన్నది, అంతే,” అన్నాను.

నాకేమీ తెలియదు. అందరిలాగే ఆ మాటను నా అవసరానికి వాడుకున్నాను. రోజూ వెళ్లి ఆ వేలు ఒత్తాను. పదో రోజున ఆవిడ పోయారు.

ఇవాళ ట్రేలో ఆరు గింజలు మొలవలేదు. ఒక్కొక్కటే తీసి ఒత్తి చూశాను. అయిదు గట్టిగా ఉన్నాయి. ఆరోది వేళ్ల మధ్య చితికింది. చాలాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకుని, ‘డెడ్’ అని రాశాను.