మోకాలి నొప్పి అని రాసిన చీటీ

రాసుకుంటున్నవా బిడ్డా? ఫ్యాన్ జర తక్కువ చెయ్, నా గొంతు వినపడాలె గద. నా మాటలు నీ పుస్తకాల తెలుగులకు దిద్దుకో, ఏం ఫికర్ లేదు. మనుషులు అన్న మాటలు మాత్రం దిద్దకు. ఎట్లన్నరో గట్లనే ఉండాలె.

ధూల్‌పేట్‌లో మన ఇంటి ముందు గది నీకు తెలిసిందే. బుధవారం మూడు గంటలకు అక్కడ చాపలు పరుస్తాను. సర్కారు దవాఖానలో నర్సుగా రిటైరైనప్పటి నుంచీ, అంటే పద్నాలుగేళ్ళుగా, ఆడవాళ్ళ బైబిల్ ఫెలోషిప్ మన ఇంట్లోనే జరుగుతోంది. మొత్తం తొమ్మిది మందిమి. ఎనిమిది మందిమి చాపల మీద కూర్చుంటే, మీ తాత చేయించుకున్న చెక్క కుర్చీలో మా చర్చి పాస్టరుగారి భార్య, పాస్టరమ్మ ఒక్కతే కూర్చునేది. వాక్యం చెప్పేవాళ్ళదే ఆ కుర్చీ. ఎవరూ పెట్టిన నియమం కాదు, కానీ అందులో ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు. నేనూ కూర్చోలేదు, తుడవడమే.

వాక్యం చదవడం ఇరవై నిమిషాల పని. అసలు సంగతి ఆ తర్వాతే. "మరి దీన్ని ఈ వారం మీ ఇంట్లో ఎక్కడ వాడతారండి?" అని పాస్టరమ్మ ఒక్కొక్కరినీ అడిగేది. ఆమెది గుంటూరు వైపు, ఎవరినైనా మీరు అనే పిలిచేది. చెప్పిన పని చేసి, పై బుధవారం ఏం జరిగిందో అందరి ముందూ చెప్పాలి. చేయకపోతే చేయలేదనైనా చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం.

చివర్లో చీటీలు. ఎవరికి దేనికోసం ప్రార్థన కావాలో పేరు వేసి రాసి, ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేస్తారు. డబ్బా కుదిపి తలా ఒకటి తీసుకుంటారు. ఎవరిది వచ్చిందో చెప్పకుండా వారమంతా వాళ్ళకోసం ప్రార్థన చేసి, మళ్ళీ బుధవారం "నీ చీటీ నాకొచ్చింది, ఎట్లుంది?" అని అడగాలి. రాయడం రానివాళ్ళు వంటింట్లోకి వచ్చి నా చెవిలో చెప్పేవాళ్ళు. పొయ్యి మీద చాయ్ మరుగుతుంటే గట్టు మీదే కాగితం పెట్టి నేను రాసేదాన్ని, వాళ్ళకొచ్చిన చీటీ కూడా నేనే చదివి పెట్టేదాన్ని. మొగుడి తాగుడు, కోడలి కాన్పు, బయటికి చెప్పుకోలేని రోగాలు, ఏవైనా సరే. ఒక్క మాట గడప దాటలేదు. ఆ విషయంలో నాకు పేరుండేది.

సాక్ష్యాల్లోనూ నాకు పేరుండేది. దవాఖానలో ముప్పై ఏళ్ళు చేసినదాన్ని, నా దగ్గర ముచ్చట్లకు కొరతా? నేను నోరు తెరిస్తే స్తోత్రం, స్తోత్రం అనేవాళ్ళు.

అప్పుడు గాజులామె వచ్చింది.

లాడ్ బజార్ వెనక ఒక కార్ఖానాలో లక్క గాజులకు రాళ్ళు అతికే పని ఆమెది. నలభై అయిదేళ్ళుంటాయేమో. చదువు రాదు. పని చేసుకుంటూ ఫోన్లో బైబిల్ అధ్యాయాలు పెట్టుకుని వినేది, విన్నది విన్నట్టు గుర్తుండేది. పాపం, చదువు రానిది అని మొదటిరోజు నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. పాపం అన్నంత కాలం బాగానే ఉన్నాం.

ఒక వారం, విందుకు పిలిస్తే ముందు వరసలో కూర్చోవద్దు, చివర కూర్చో అనే వాక్యం వచ్చింది. పై బుధవారం సాక్ష్యాలు. ముందు నేను చెప్పాను. అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి, దొరక్క దొరక్క దొరికిన సీటును ఒక కాలేజీ పిల్లకు ఇచ్చేసిన ముచ్చట. మున్సిపాలిటీలో ఊడ్చి ఊడ్చి రిటైరైన పెద్దమ్మ ఒకామె మా గుంపులో ఉంది. నాకంటే పెద్దది, నాలుగు అక్షరాలు వచ్చు, ఎవరికీ జంకదు.

"గా బస్సు ముచ్చట పోయినేడు సుత చెప్పినవ్ గదనే," అంది.

తర్వాత గాజులామె వంతు.

"మా కార్ఖానాల కిటికి కాడ ఒక్కటే జాగ ఉంటది," అని మొదలుపెట్టింది. "గాడ వెలుగు మంచిగ వడ్తది, రాళ్ళు సాఫ్ కనిపిస్తయి. ఐదేండ్ల సంది గదే నా జాగ. మాతోని పనిచేసే ముసలామె ఒకామె ఉంది, అందరం ఖాలా అంటం, కండ్లు మసక. వాక్యం విన్నంక పొద్దుగాల వొయ్యి 'ఖాలా, ఆప్ ఇధర్ బైఠో' అని నా జాగ ఇచ్చిన. ఆమె నన్ను కింద మీద చూసి 'క్యా హువా, నౌకరీ ఛోడ్ రహీ క్యా?' అన్నది, నేను పని ఇడిచిపోతున్ననేమో అనుకున్నది."

అందరూ నవ్వారు.

"నేను మూలకు కూసున్న. రెండు రోజులల్ల నా గాజులు మస్తు ఖరాబైనయ్. సేటు తిట్టిండు. ఇంటికొచ్చి దేవునితోని లొల్లి వెట్టుకున్న, నువ్వు చెప్పినట్టే చేస్తి గద, మరి నాకు గీ తిట్లేంది అని. గా జాగ నాకు వాపస్ కావాల్ననే ఉన్నది. ఇప్పుడు సుత ఉన్నది. అడగలే. గంతే."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. పద్నాలుగేళ్ళలో నేను చెప్పిన ఏ ముచ్చటకూ ఆమె కళ్ళద్దాలు తీయలేదు.

సూది వేసే ముందు స్పిరిట్ దూదితో తుడిస్తే చర్మానికి చల్లగా ఉంటుంది చూడు, నాకు మొదట అలాగే అనిపించింది. మంట తర్వాత వచ్చింది. ఆ రోజు చాయ్ ఇచ్చేటప్పుడు పెచ్చు ఊడిన కప్పు ఆమె చేతిలో పెట్టాను. కావాలనే పెట్టాను బిడ్డా, రాయి. ఆ తర్వాత వారాల్లో ఆమె పక్కన ఎవరు జరిగి కూర్చుంటున్నారో చూసేదాన్ని. ఎండకు వచ్చిన ఆమెకు ఎవరైనా విసనకర్ర అందిస్తే, అది మన ఇంటి విసనకర్రే కదా అని లోపల కుతకుతలాడేదాన్ని.

ఇంతలో పాస్టరుగారికి బదిలీ అయింది. "వచ్చే నెల మేము వెళ్ళిపోతున్నామండి," అంది పాస్టరమ్మ. "ఈ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. ప్రార్థన చేసుకుని చెబుతాను."

చెప్పడానికి ఏముంది? ఇల్లు నాది, చాపలు నావి, చదువుంది, వయసుంది. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఎర్ర పెన్నుతో వాక్యాలు రాసుకోవడం మొదలుపెట్టాను. కుర్చీకి కొత్త గలీబు కుట్టించి దిండు వేశాను. అది చూసి పెద్దమ్మ ఊరుకుంటుందా?

"ఏందే, కుర్చీకి పెండ్లి చేస్తున్నవా?"

ఆ బుధవారమే గాజులామె చీటీ రాయించుకోవడానికి వంటింట్లోకి వచ్చింది. తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, జర రాయవా. ఎవ్వరికి చెప్పకు. బుధారం వాక్యం ఇగ నువ్వే చెప్పాలె అని పాస్టరమ్మ నన్ను అడిగింది. నాకు చదువు రాదాయె. ఒప్పుకోవాల్నా వద్దా, దేవుడు నాకు తెలుపాలె అని రాయి."

చాయ్ పొంగింది. పొంగనిచ్చాను.

ఆమె పేరు రాశాను. ఆ కింద ఆమె చెప్పింది రాయాలి. ఆ చీటీ డబ్బాలోకి పోతే పాస్టరమ్మ నన్ను కాదని ఆమెను అడిగిందని ఎవరో ఒకరు చదువుతారు. అదొక్కటే కాదు. ఎవరైనా నిజంగా వారం రోజులు అడిగితే, దేవుడు సరే అంటాడేమోనని భయం వేసింది. "మోకాలి నొప్పి తగ్గాలి" అని రాశాను.

"రాసినవా అక్కా?"

"నువ్వు చెప్పిందే రాసిన."

ఆమె ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, మడిచి, వెళ్ళి డబ్బాలో వేసింది.

ఆ వారం నేను ప్రార్థనకు కూర్చున్నట్టే కూర్చుని లేచిపోయేదాన్ని. నా చేతికొచ్చిన చీటీలో ఏముందో కూడా ఇప్పుడు గుర్తులేదు.

పై బుధవారం పెద్దమ్మ సంచిలోంచి ఒక సీసా తీసి గాజులామె ముందు పెట్టింది.

"నీ చీటీ నాకొచ్చిందే. వారం దినాలు నీ మోకాలు వట్టుకొని దేవుని ముంగట కూసున్న. కూసుని కూసుని నా మోకాలు వట్టుకపాయె. ఇగో, ఆవాల నూనెల ఎల్లిపాయలు ఏసి కాచిన. ఎట్లున్నదే నొప్పి?"

నేను చాయ్ ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. గాజులామె పెద్దమ్మను చూసింది, సీసాను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆమె మెల్లగా తన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

"జర నయముంది పెద్దమ్మా," అని సీసా తీసుకుంది.

అందరూ వెళ్ళాక ఆమె వంటింట్లోకి వచ్చి కప్పులు కడగడం మొదలుపెట్టింది.

"చెల్లె..." అన్నాను.

"పాస్టరమ్మకు వద్దని చెప్తున్న అక్కా. నువ్వు పద్నాలుగేండ్ల సంది చాపలు పరుస్తున్నవ్. నేను గా కుర్చీల కూసుంటే నీకు కష్టమైతదని నాకు సోయి లేకపాయె."

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు తిడితే నేనూ నాలుగు అనేదాన్ని. తప్పు చేసింది నేనైతే, ఇందులో కూడా ఆమెదే పైచేయి అయిందని ఇంకా మండింది.

పాస్టరమ్మ వెళ్ళే ముందు ఇంటికొచ్చి, "ఆమె కాదన్నారమ్మా, మీరే చూసుకోండి," అంది. అలా నాకు కుర్చీ వచ్చింది.

మొదటి బుధవారం ఇస్త్రీ చీర కట్టుకుని, నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. మీ తాత పొడగరి, తన కొలతకు చేయించుకున్న కుర్చీ అది. నా కాళ్ళు నేలకు అందలేదు. చిన్నపిల్ల కాళ్ళలా వేలాడుతూనే ఉన్నాయి. వాక్యం బాగానే చదివాను. తర్వాత సాక్ష్యాలు. కుర్చీలో ఉన్నవాళ్ళే ముందు చెప్పాలి, పాస్టరమ్మ కూడా అలాగే చెప్పేది. ఎనిమిది మంది తలలెత్తి నన్నే చూస్తున్నారు. నాలుక చివరకు బస్సు ముచ్చటే వచ్చింది. గాజులామె తల వంచుకుని చాప అంచు సరిచేస్తోంది. ఆమె నోరు విప్పదని నాకు తెలుసు. ఎప్పటికీ విప్పదు. అదే నేను తట్టుకోలేకపోయాను.

"నేను ఒక చీటీ అబద్ధం రాసిన," అన్నాను. మొత్తం చెప్పాను. పెచ్చు ఊడిన కప్పుతో సహా.

అందరికంటే ముందు పెద్దమ్మే అందుకుంది.

"అంటే దీని మోకాలు మంచిగనే ఉన్నదా? వారం దినాలు లేని నొప్పికి నేను దేవుని పానం తీస్తి గదనే! నా నూనె నాకు వాపస్ తే!"

"అయిపోయింది పెద్దమ్మా," అంది గాజులామె తల ఎత్తకుండా. "మా ఖాలాకు వెట్టిన. ఆమెకు నిజంగనే నొస్తుండె."

గది గదంతా నవ్వింది. నవ్వితే అంతా తీరిపోయిందనుకోకు. ఆ రోజు చీటీల వేళకు నేను వంటింట్లో పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ రాలేదు. రాయడం రాని ఇద్దరు ఆడవాళ్ళు ముందు గదిలోనే ఇంకొకరి చేత రాయించుకున్నారు. పద్నాలుగేళ్ళ పేరు బిడ్డా, ఒక్క కాగితం ముక్కతో పోయింది.

ఆఖరికి గాజులామె వచ్చింది.

"రాయి అక్కా. పోయినసారి చెప్పిందే."

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాను. చదివి వినిపించాను. నేను చదివింది నిజంగా అందులో ఉందో లేదో ఆమెకు తెలిసే దారి లేదు. అయినా కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

ఆ నెల తిరక్కుండానే ఆమె ఒప్పుకుంది. ఇప్పుడు కుర్చీలో ఆమె కూర్చుంటుంది. నేను చాప మీద కూర్చుని వాక్యం చదివి వినిపిస్తాను, ఆమె చెబుతుంది. బాగా చెబుతుంది. ఎవరైనా కొంగుతో కళ్ళు తుడుచుకుంటే ఎంతమంది తుడుచుకున్నారో ఇప్పటికీ లెక్కపెట్టుకుంటాను. రాయడం రాని ఆ ఇద్దరిలో ఒకామె మళ్ళీ నా దగ్గరికే వచ్చి రాయించుకుంటోంది, ఇంకొకామె రావడం లేదు.

గాజులామె కూడా పొట్టిదే. ఆమె కాళ్ళూ నేలకు అందవు. మొదటి బుధవారమే చూశాను. వంటింట్లో పీట ఉంది, తెచ్చి వేస్తే సరిపోతుంది. మూడో బుధవారం వేశాను. రెండు వారాలు ఎందుకు వేయలేదో నీకు వేరే చెప్పాలా?

అయిపోయింది. ఏదీ, ఇప్పుడు మొదటి నుంచి చదువు. నేను చెప్పిందే రాసినవో లేదో వింట.