వడి అంటే వడిబియ్యం కాదు

మా చిన్నప్పుడు... తొమ్మిదో తరగతిలో కరుణ మేడం బోర్డు మీద పెద్దక్షరాలతో 'వడి' అని రాసి, "దీని అర్థం ఎవలకన్న ఎరుకేనా?" అని అడిగారు.

అందరికంటే ముందు చెయ్యి లేపింది నేనే. "ఎరుకే మేడం, మొన్ననే మా అక్కకు పోసిండ్రు" అన్నాను. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒళ్లో పోసే వడిబియ్యం తప్ప, మా సుల్తానాబాద్ దిక్కు ఇంకో వడి ఉంటుందని నాకెవరు చెప్పారు గనుక... క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

మేడం మాత్రం నవ్వలేదు. "గది సుత వడే స్వరూపా. గీ పుస్తకంల వడి ఇంకోటి ఉన్నది. బయటికి పోయి చూద్దాం పాండ్రి" అని మమ్మల్నందరినీ గ్రౌండులోకి తీసుకుపోయారు. ఒకరిని నడిపించి, ఒకరిని ఉరికించి, ఎంతసేపట్లో ఎంత దూరం పోయారో చూపించారు. అదే వడి. అంతే... మళ్లీ మర్చిపోతే ఒట్టు.

కరుణ మేడం పర్మనెంట్ టీచరు కాదు, విద్యా వాలంటీరు. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, సరేనంటేనే ఉండాలి, వద్దంటే పోవాలి. రోజూ కరీంనగర్ నుంచి బస్సులో వచ్చేవారు. ఆ బస్సే మాకు సైన్సు ల్యాబు!

త్వరణం అంటే జోరుగా పోవుడేనని మేమంతా అనుకునేవాళ్లం. మేడం ఒకరోజు నుదుటి మీద బొప్పి చూపిస్తూ చెప్పారు... "బస్సు తొవ్వ పొడుగూత ఒక్క తీరుగ జోరుగ వచ్చింది. నాకేం తెల్వలే, మంచిగ కునుకు తీసిన. స్టేజీ కాడ బ్రేకు కొట్టంగనే ముంగటి సీటుకు తల తాకింది. గప్పుడు తెలిసింది త్వరణం. జోరు కాదు బిడ్డా... జోరు మారుడు."

ఇక అప్పటి నుంచి రోజూ గ్రౌండులో ఉరుకుడే. మధ్యలో మేడం "ఇప్పుడున్నదా, లేదా?" అని అరిచేవారు. "ఉన్నది మేడం" అని మేం రొప్పుతూ అరిచేవాళ్లం. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు.

చూసినవాళ్లు ఊరుకుంటారా... పెద్దలు పెద్దసారు దగ్గరికి పోయారు. అందులో మా బాపు కూడా ఉన్నాడు. "సదువు చెప్పుమని తోలిస్తె పోరగాండ్లను ఎండల ఉరికిస్తున్నది సారూ, గిదేం సదువు?" అన్నాడు. నాకు ఆ రోజు బాపు మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

పెద్దసారు మేడంను వరండాలోకి పిలిచి చెప్తుంటే కిటికీలోంచి మాకు వినపడింది. "ఎల్లుండి తనిఖీకి ఆఫీసరు సారు వస్తుండు. పిల్లలు జవాబు చెప్తె సరే. చెప్పకపోతె మాత్రం నేనేం చెయ్యలేనమ్మా, వేరేటోళ్లను చూసుకుంటం." మా నోట్లో జవాబు లేకపోతే మేడం ఉద్యోగం పోతుంది! ఇంటికి పోయి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బట్టీ పట్టాం.

ఆఫీసరు సారు రానే వచ్చారు. నన్నే లేపారు. "త్వరణం అంటే ఏందమ్మా?"

బట్టీ పట్టిందంతా గాలికి పోయింది. పెద్దసారు మేడం వైపు చూస్తున్నారు... ఏడుపొస్తుంటే ఆపుకుని, "సార్, నడిచి చూపియ్యాల్నా?" అన్నాను.

సారు తలూపారు. వరండాలోకి వచ్చి ఒక్క తీరుగా నడిచాను. "ఇప్పుడు లేదు సార్." అడుగులు పెంచాను. "ఇప్పుడున్నది." తగ్గించాను. "ఇప్పుడు సుత ఉన్నది సార్. తగ్గుడు సుత మారుడే గద." అలవాటు కొద్దీ వరండా చివర ఉన్న స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని, చుట్టూ తిరిగి వెనక్కి వచ్చాను.

"ఆగు" అన్నారు సారు. "స్తంభం చుట్టు తిరిగినప్పుడు నీ జోరు మారలే. మరి త్వరణం ఉన్నదా, లేదా?"

ఈ ప్రశ్న మమ్మల్ని మేడం ఎప్పుడూ అడగలేదు. మేడం వైపు చూస్తే, ఆమె తల దించుకుని ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక మళ్లీ స్తంభం దగ్గరికి పోయి, మళ్లీ పట్టుకుని తిరిగాను... ఇంకోసారి తిరిగాను.

"సార్, చెయ్యి గుంజుతున్నది."

"గుంజితె?"

"గుంజుతున్నదంటె బలం ఉన్నట్టు. బలం ఉన్నదంటె త్వరణం ఉన్నట్టేనని పుస్తకంల ఉన్నది. జోరు మారలే సార్... దిక్కు మారింది."

సారు మేడం వైపు తిరిగి, "గిది ఎప్పుడు చెప్పిండ్రు మీరు?" అని అడిగారు.

"నేను చెప్పలే సార్. గిప్పుడే... స్వరూపే కనిపెట్టింది" అన్నారు మేడం. ఆ తర్వాత నాకు సర్టిఫికెట్లు వచ్చాయి, శాలువాలు కప్పారు... ఆ ఒక్క మాట ముందు అవేవీ నిలవవు. గొప్పలు అనుకున్నా సరే, ఈ ముక్క చెప్పుకోకుండా ఉండలేను.

మా పదో తరగతి అయ్యేదాకా మేడంను తీసేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బాపు ఆ రాత్రి బువ్వ తింటూ నేను చెప్పిందంతా విన్నాడు. చివరికి, "ఐతారం నాడు మీ మేడంను మనింటికి బువ్వకు రమ్మను" అన్నాడు. మా బాపు తప్పు ఒప్పుకునే పద్ధతి అదే.

ఇప్పుడు హుజూరాబాద్‌లో నేను అదే పాఠం చెప్తున్నాను. తెర మీద ఎర్ర బంతి గుండ్రంగా తిరుగుతుంది, దాని పక్కన బాణం గుర్తులు వస్తాయి... ఎంత బాగుంటుందో. పిల్లలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా నిర్వచనం అప్పజెప్తారు. వాళ్లలో ఎవరికీ చెయ్యి మాత్రం గుంజదు. అందుకే రేపు నా క్లాసును కింద గ్రౌండులోకి తీసుకుపోతున్నా, ఎవరేమన్నా సరే...

మీకు కూడా పుస్తకం కంటే ముందు ఒంటికి తెలిసిన పాఠం ఏదైనా ఉందా? అది చెప్పిన సారు పేరో, మేడం పేరో కింద రాయండి... వాళ్లను కూడా తలుచుకుందాం.